పుస్తకం తాళంచెవి ఎవరి మొలతాడుకుంది?

పోయిన నెల కార్యకర్తల సమావేశంలో ఒక కుర్రాడు లేచి మమ్మల్ని నిలదీశాడు. "అన్నా, ఈ పత్రిక ఇంకా కాగితం మీద ఎందుకు? అచ్చుకి డబ్బుల్లేవని ప్రతి సంచికలో ఏడుస్తారు, చందా కట్టమని బతిమాలతారు. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో వదిల్తే నిమిషంలో ఊరూరికీ పోద్ది. పైసా ఖర్చుండదు. ఇప్పుడంతా ఈ-పుస్తకాలే." సగంమంది చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక, వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ "మరి నాకెవరు చదివి పెడతారయ్యా?" అంది.

ఆమెకి చదువు రాదు. పత్రిక ఇంటికొస్తే మనవడు అరుగు మీద కూర్చుని పైకి చదువుతాడు, ఆమె వింటది, పక్కింటోళ్ళూ వచ్చి వింటారు. అదే ఫోన్‌లోకొస్తే మనవడు ఒక్కడే చూసుకుంటాడు, చూస్తా చూస్తా ఇంకోదానిలోకి పోతాడు. అదీ ఆమె బాధ. ఆ రోజు ఇద్దరికీ జవాబు చెప్పలేక నీళ్ళు నమిలాం. ఇప్పుడు చెబుతున్నాం.

ముందు కుర్రాడి మాట. అతనన్న దాంట్లో అబద్ధం లేదు. కాగితం ధర, ప్రెస్సు బిల్లు, కట్టలు కట్టి బస్సుకెక్కించే ఖర్చు కలుపుకుంటే మేం అట్ట మీద వేసే వెలకన్నా ఎక్కువే అవుతోంది. అమ్మిన డబ్బులు తిరిగి రావడం ఇంకో కథ, అది ఇక్కడ వద్దు. (ఏజెంటు మిత్రులు నొచ్చుకోవద్దు. ఎవరి సంగతి వాళ్ళకే తెలుసు.) పోస్టు సంగతి మరీ ఘోరం. పుస్తకాలని తక్కువ ధరకి మోసే రిజిస్టర్డ్ బుక్‌పోస్టుని 2024 డిసెంబరులో తపాలా శాఖ ముందుగా ఒక మాటైనా చెప్పకుండా ఎత్తేసింది. చిన్న ప్రచురణకర్తలంతా గగ్గోలు పెట్టారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని వేరే పేరుతో ఒకటి తెచ్చారు. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు అని మొదలుపెట్టారు. మనం వేసే 40 రూపాయల చిన్న పుస్తకం గూడేనికి చేరాలంటే దాని వెలలో సగం పోస్టుకే పోవాలన్నమాట. ఉన్నోళ్ళ పెళ్ళి కార్డుల బరువు లేదు మన పుస్తకానికి, అయినా మోయడం కష్టమైపోయింది ఈ ప్రభుత్వానికి.

ఇంకో సంగతి కూడా కుర్రాడి పక్షానే ఉంది. బాబాసాహెబ్ రచనలు, ప్రసంగాలు మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వసంత్ మూన్ సంపాదకత్వాన ఇంగ్లీషు సంపుటాలుగా వేసింది. ప్రభుత్వం వేసింది కాబట్టి చవక. చవక కాబట్టి దొరకవు. అచ్చు ఆగిపోయిందని పత్రికలో వచ్చిన వార్త చూసి 2021లో బొంబాయి హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. తెలుగు విశ్వవిద్యాలయం తెచ్చిన తెలుగు సంపుటాల కోసం మన పిల్లలు హైదరాబాదులో, విజయవాడలో ఎన్ని పాత పుస్తకాల దుకాణాలు తిరిగారో మాకు తెలుసు. ఆ ఇంగ్లీషు సంపుటాలే కేంద్ర విదేశాంగ శాఖ తన వెబ్‌సైటులో పీడీఎఫ్‌లుగా పెట్టింది. కూలికి పోయే ఇంటి పిల్ల, డిగ్రీ చదివే పిల్ల, వాటన్నిటినీ రూపాయివ్వకుండా దించుకుని ఫోన్‌లో పెట్టుకుంది. ఆ పిల్ల మాకు చూపించింది. పుస్తకాలు పెట్టుకోడానికే దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నాడాయన. ఈ పిల్ల ఉండేది ఒంటిగది ఇల్లు. అందులో బీరువా పట్టదు, ఫోన్ పడుతుంది. దీన్ని కాదనేవాడు మూర్ఖుడు.

కళ్ళు కనపడని మన అన్నలూ అక్కలూ ఉన్నారు. వాళ్ళకి ఫోనే చదివి వినిపిస్తది, అక్షరాలు సరిగ్గా ఎక్కించి ఉంటే. చూపులేనివాళ్ళకోసం పుస్తకాలని వాళ్ళు చదువుకోగల రూపంలోకి మార్చుకోడానికి హక్కుదారు అనుమతి కోసం కాచుకు కూర్చోనక్కర్లేదని చెప్పే మరకేష్ ఒప్పందం 2013లో వచ్చింది. ప్రపంచం మొత్తం మీద దాన్ని ముందుగా ఆమోదించిన దేశం మనదే, 2014లో. మంచి పనిని మంచి పని అనాలి.

మరి మా పేచీ ఎక్కడ? యంత్రంతో కాదు. దాని తాళంచెవితో.

పాత సంగతి ఒకటి. 2009 జూలైలో అమెరికాలో అమెజాన్ కంపెనీ అమ్మే కిండిల్ అనే పుస్తకాల యంత్రంలో జనం డబ్బులు పెట్టి కొనుక్కున్న పుస్తకాలు రెండు తెల్లారేసరికి మాయమైపోయాయి. అమ్మినవాడికి ఆ పుస్తకాల మీద హక్కు లేదని తేలిందట. కంపెనీ తన చోట తాను కూర్చుని అందరి యంత్రాల్లోంచీ వాటిని తుడిచేసింది. డబ్బులు వాపసు ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది, నిజమే. ఒక కుర్రాడు ఆ పుస్తకం మీద రాసుకున్న నోట్సంతా పనికిరాకుండా పోయిందని కోర్టుకెక్కాడు. మాయమైన పుస్తకాలేంటో తెలుసా? జార్జి ఆర్వెల్ రాసిన 1984, యానిమల్ ఫామ్. అందులో 1984 సర్కారు పాత కాగితాలని మార్చేసి, కాల్చేసి, జరిగిందాన్ని జరగలేదని చెప్పడం గురించి రాసిన నవల. ఇంతకన్నా ఎగతాళి మేం కల్పించలేం.

అచ్చు పుస్తకం అమ్మిన షాపువాడు రాత్రిపూట మన ఇంట్లోకొచ్చి, దిండు కింద పుస్తకం తీసుకుని, డబ్బులు అక్కడ పెట్టి పోతే ఊరుకుంటామా? దొంగ అని కట్టేస్తాం. మరి ఇక్కడెందుకు ఊరుకోవాల్సొచ్చింది? ఇక్కడ కొన్నది పుస్తకం కాదు, చదువుకోడానికి అనుమతి. అనుమతి ఇచ్చినవాడు అనుమతి లాక్కుంటాడు.

అనుమతి అనే మాట మనకి కొత్త కాదు. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం కరిగించి పొయ్యమన్నది గౌతమ ధర్మసూత్రం. (చాలామంది దాన్ని మనువు ఖాతాలో వేస్తారు. మనువు ఖాతాలో ఆయన స్వంతానివే బోలెడున్నాయి, పక్కోళ్ళవి కలపనక్కర్లేదు.) శూద్రుడికే ఆ శిక్షయితే ఊరవతల ఉన్న మన తాతల గతేమిటి? తాటాకుల కట్టలు అగ్రహారాల్లో అటకల మీద ఉండేవి. తాటిచెట్టు ఎక్కేదొకడు, ఆకు కొట్టేదొకడు, దాని మీద రాసిందాన్ని చూడకూడనివాడూ వాడే. అచ్చుయంత్రం వచ్చాక ఆ అటక కూలింది. మిషనరీ బడులు తాము చేసిందంతా మనమీద ప్రేమతోనే చేశాయని మేం అనం గానీ, అచ్చయిన అక్షరానికి అంటు లేకుండా పోయింది. నాలుగణాలు పెడితే ఎవడైనా కొనుక్కోవచ్చు. కొనుక్కున్నాక అది వాడిదే. ఇంకోడికి అరువివ్వొచ్చు, చింపి పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మనవడికి ఇచ్చి పోవచ్చు.

1936లో లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్ళు బాబాసాహెబ్‌ని ఉపన్యాసానికి పిలిచారు. రాసిన ఉపన్యాసం చూసి జడుసుకున్నారు. అది తీసెయ్యి, ఇది మార్చు అన్నారు. కామా కూడా మార్చనన్నాడాయన. సభే రద్దు చేసుకున్నారు. ఆయనేం చేశాడు? స్వంత ఖర్చుతో అచ్చేశాడు. అదే కుల నిర్మూలన. 1500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. మరుసటేడు రెండో ముద్రణ. అప్పుడు ఆ ఉపన్యాసం ఆ మండల్ వాళ్ళ యంత్రంలో, వాళ్ళ తాళం కింద ఉండుంటే? మేం ఊరికే అడగడం లేదు. మన రచయితలు ఈ రోజు తమ రాతలన్నీ ఎవరెవరి కంపెనీల గోడల మీద పెడుతున్నారో, స్వంత ప్రతి ఎంతమంది దగ్గరుందో ఒకసారి లెక్క చూసుకోండి.

కంపెనీలకి మన భాష మీద ఉన్న ప్రేమ కూడా చెప్పుకోవాలి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలని మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకే ఈ గతి పట్టినప్పుడు, అందులో వాడ భాష రాసేవాళ్ళ సంగతి చెప్పేదేముంది.

కంపెనీలని తిట్టి మన తప్పు దాచుకోకూడదు. ఏళ్ళ తరబడి మన పత్రికలూ కరపత్రాలూ డీటీపీ చేసింది పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లలో. ఆ ఫైళ్ళని ఇప్పటి ఫోన్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసి పిచ్చిగీతల్లా కనపడతాయి. అవి యూనికోడ్ కాదు. బొమ్మలాగా పీడీఎఫ్ చేస్తే కంటికి బాగానే ఉంటది, దాంట్లో ఒక మాట వెతకాలంటే దొరకదు, కళ్ళులేనివాళ్ళకి ఫోన్ చదివి వినిపించలేదు. మేమూ చాలాకాలం ఇట్టాగే చేశాం. డీటీపీ చేసే తమ్ముడు చెబితే గానీ మాకు బుర్రకెక్కలేదు.

ఇక పెద్దమ్మ మాట. ఫోన్ ఎవరి చేతిలో ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది, తెలంగాణలో 26 మంది. అదీ 15 ఏళ్ళనుంచి 49 లోపు వాళ్ళని అడిగితే. మన పెద్దమ్మ వయసోళ్ళు ఆ లెక్కలోకే రారు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, ఒప్పుకుంటాం. అయినా ఇంట్లో ఒక్క మంచి ఫోన్ ఉంటే అది మొగుడి జేబులో ఉంటది, లేకపోతే కొడుకు చేతిలో. నాట్లకి పోయొచ్చి, వంట చేసి, గిన్నెలు తోమిన ఆడమనిషి చేతికి అది ఎప్పుడొస్తది? కాగితం అట్లా కాదు. గూట్లో పడుంటది. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు తీస్తారు.

ఫోన్ నోరు మూయించడం కూడా సర్కారుకి సులువు. 2022 మే 24న కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. ఆ తర్వాత రోజుల తరబడి అక్కడ ఇంటర్నెట్ ఆపేశారు. ఇళ్ళు తగలబెట్టినోళ్ళకీ ఆగింది, బాబాసాహెబ్ పేరు కావాలన్నోళ్ళకీ ఆగింది. కానీ నష్టం ఒకటేనా? ఏం జరిగిందో రాసి పక్క జిల్లాకి పంపాల్సింది మనవాళ్ళు. ముందే దించుకుని పెట్టుకున్న పుస్తకం తెరుచుకుంటది, కొత్తది రాదు. ఆ రోజుల్లో పనికొచ్చింది జిరాక్సు కరపత్రమే. 1985లో కారంచేడప్పుడూ, 1991లో చుండూరప్పుడూ ఊరూరికీ కబురు మోసింది అదే.

కాగితాన్ని నెత్తిన పెట్టుకుంటున్నామని అనుకోవద్దు. కాగితానికి చెదలుంది, ఎలకలున్నాయి, వాననీరుంది. మన వాడలు కట్టించింది పల్లపు నేలల్లో, వరదొస్తే ముందు మునిగేది మనమే. పెట్టెలో దాచుకున్న పట్టా కాగితాలూ పిల్లల సర్టిఫికెట్లూ ముద్దైపోయిన ఇళ్ళు ఎన్నో చూశాం. అంతెందుకు, 1917లో లండన్ నుంచి తిరిగొస్తూ బాబాసాహెబ్ తన పుస్తకాలని వేరే ఓడలో వేస్తే, ఆ యుద్ధంలో ఆ ఓడని ముంచేశారు. కడుపు మాడ్చుకుని కొన్న పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఇంకో ప్రతి ఇంకో చోట ఉండడం ఎంత అవసరమో ఆ సంగతి తలుచుకుంటే తెలుస్తది.

పోలీసులకి రెండూ ఒకటే. 2018 ఆగస్టులో భీమా కోరేగావ్ కేసు పేరుతో హైదరాబాదులో ఇళ్ళు సోదా చేసినప్పుడు, ఒక దళిత అధ్యాపకుణ్ణి దేవుళ్ళ పటాలు లేకుండా ఫూలే, అంబేద్కర్ పటాలెందుకున్నాయని అడిగారు, ఇన్ని పుస్తకాలెందుకన్నారు. కంప్యూటరైతే భద్రమా? ఆ కేసులోనే అరెస్టయిన రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి బయటనుంచి ఎవరో చొరబడి ఫైళ్ళు పెట్టారని 2021 ఫిబ్రవరిలో ఆర్సెనల్ అనే అమెరికా సంస్థ పరీక్ష చేసి చెప్పింది. షెల్ఫులో పుస్తకం పెట్టాలంటే మనిషి ఇంట్లోకి రావాలి. అక్కడ అది కూడా అక్కర్లేకపోయింది.

ఇదంతా చదివి కాగితం గొప్పదా, ఫోన్ గొప్పదా అని అడిగేవాళ్ళకి ఒక సంఘటన చెబుతాం. మా జిల్లాలో ఒక పల్లె. బోరింగు దగ్గర మన ఆడపిల్లని కులం పేరుతో తిట్టి కొట్టారు. అయిదారుగురం కలిసి స్టేషన్‌కెళ్ళాం. గేటు దగ్గరే ఫోన్లన్నీ బయట పెట్టమన్నారు. మా దగ్గర అచ్చు పుస్తకం ఉంది, 1989 అత్యాచార నిరోధక చట్టం, తెలుగులో. 2015 సవరణలు కూడా చేర్చిన పుస్తకం. బల్లమీద పెట్టాం. లోపలున్న ఆఫీసరు "ముందు ప్రాథమిక విచారణ చెయ్యాలి, ఆ తర్వాతే కేసు. సుప్రీంకోర్టు చెప్పింది, తెలీదా?" అన్నాడు. ఆయన చెప్పింది 2018 మార్చి తీర్పు. ఆ తీర్పు మీదే ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, మనవాళ్ళు తుపాకీ గుళ్ళకి చచ్చిపోయారు. ఆ దెబ్బకి ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చింది. కేసు కట్టడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదని అందులో స్పష్టంగా ఉంది. మాకు తెలుసు. కానీ మా పుస్తకం 2016లో అచ్చయింది. అందులో 18ఎ లేదు! ఆయన పేజీలు తిప్పి, నవ్వి, "ఏదీ చూపించు" అన్నాడు.

18ఎ ఉన్నది బయట గేటు దగ్గర బుట్టలో పడున్న ఫోన్‌లో.

మాతో వచ్చిన పిల్లాడొకడు బయటికి పరిగెత్తాడు. ఫోన్ తీసుకుని రోడ్డవతల జిరాక్సు షాపుకెళ్ళి, ఆ పేజీ తీయించి, పట్టుకొచ్చి బల్లమీద పెట్టాడు. ఆఫీసరు రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత రైటర్ని పిలిచాడు. సాయంత్రం ఆరుకి ఎఫ్ఐఆర్ కాపీ మన పిల్ల చేతిలో ఉంది. ఫోన్ లేకపోతే ఆ పేజీ దొరికేది కాదు. కాగితం లేకపోతే లోపలికి పోయేది కాదు.

వాట్సాప్ గురించి ఒక్కమాట. బాబాసాహెబ్ బొమ్మ పక్కన ఆయన ఎన్నడూ అనని మాటలు అచ్చేసి పంపుతున్నారు. మనవాళ్ళే అభిమానంతో కొన్ని, అవతలోళ్ళు కుట్రతో కొన్ని. ఏ పుస్తకం, ఏ సంపుటం, ఏ పేజీ అని అడిగితే చెప్పేవాడుండడు. పేజీ నెంబరు లేని మాటని సభలో వాడొద్దు. పరువు పోయేది మనదే.

కాబట్టి మేం అనుకున్నది ఇది. పత్రిక కాగితం మీద ఆగదు. ప్రతులు తగ్గిస్తాం, ఇంటింటికీ కాకుండా వాడకి ఇన్నని పంపుతాం. ఒక్కొక్క ప్రతిని పక్షానికొకసారి రచ్చబండ దగ్గరో చర్చి ముందో అంబేద్కర్ బొమ్మ దగ్గరో పైకి చదవాలి. చదివే బాధ్యత పదో తరగతి దాటిన పిల్లలది, ముఖ్యంగా ఆడపిల్లలది. సంచిక అచ్చయిన రోజే ఫైలు కూడా ఇస్తాం. యూనికోడ్‌లో, తాళం లేకుండా, ఎవరైనా ఎవరికైనా పంపుకునేటట్టు. దాన్ని అమ్ముకునే కంపెనీ దేనికీ రాసివ్వం.

గ్రంథాలయం పన్ను సంగతి కూడా పట్టుకోవాలి. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున మన దగ్గర వసూలు చేస్తారు, ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకి పోవాలి. పంచాయతీలూ మునిసిపాలిటీలూ వసూలు చేసిందాన్ని కట్టకుండా బకాయిలు పెడుతున్నాయని గ్రంథాలయాలవాళ్ళే మొత్తుకుంటున్నారు. మన వాడ కట్టిన పన్నుతో ఊళ్ళో లైబ్రరీ తెరుస్తారు, ఉంటే. మన కమ్యూనిటీ హాలుకి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుంటదో మీకు చెప్పక్కర్లేదు. మీ పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత కట్టింది అని సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. నమూనా అర్జీ వచ్చే సంచికలో వేస్తాం. వాడలో ఒక గది, నాలుగు బెంచీలు, వంద పుస్తకాలు, ఒక కంప్యూటర్, ఒక ప్రింటరు అడగండి. కాగితమా ఫోనా అని అడిగితే రెండూ అనండి.

ఆఖరుగా ఒక పని. 1989 నుంచి వచ్చిన నలుపు సంచికలు, కారంచేడు, చుండూరు రోజుల కరపత్రాలు, సభల ఆహ్వానాలు, పాటల పుస్తకాలు మీ ఇళ్ళల్లో అటకల మీదో ట్రంకుపెట్టెల్లోనో ఉంటే బయటికి తీయండి. అట్ట చినిగినా, పేజీలు పోయినా పర్లేదు. మాకు ఇచ్చెయ్యనక్కర్లేదు. డీటీపీ తమ్ముడు ఏప్రిల్ 14 జయంతి సభకి స్కానరు తెస్తున్నాడు, మీ ముందే స్కాన్ చేసి మీ కాగితం మీకే ఇచ్చేస్తాడు. పెద్దమ్మ కూడా ఏదో మూట తెస్తానంది. అందులో ఏముందో ఆమెకీ తెలీదట, మొగుడు దాచిందట. మనవడు చదివి పెడతాడు.